చిప్ లేఅవుట్ డిజైన్ల నకలు శిక్షార్హం: రిజిస్టరు చేసిన వారికే చట్ట రక్షణ

నార్సింగి: హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా నార్సింగి వరకు విస్తరించిన ఐటీ కారిడార్‌లో సాఫ్ట్‌వేర్‌తో పాటు సెమీకండక్టర్ చిప్‌ల రూపకల్పన కూడా ప్రముఖ రంగంగా ఎదిగింది. ఈ రంగంలో ఇంజనీర్లు సృష్టించేది చిప్‌ను కాదు, దాని నమూనాను. ఆ నమూనా నకలుకు గురైతే వారి శ్రమఫలం పరుల పాలవుతుంది.

లేఅవుట్ డిజైన్ అంటే...
చిప్‌లోని ట్రాన్సిస్టర్లు, వాటిని కలిపే లోహ మార్గాలు పొరలు పొరలుగా ఎక్కడెక్కడ ఉండాలో నిర్ణయించే అమరికే లేఅవుట్ డిజైన్. మార్కెట్లో కొన్న చిప్ పొరలను ఒక్కొక్కటిగా తొలగించి, సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రాలు తీసి, ఈ అమరికను నకలు చేయడం సాధ్యమే.

చట్టం ఏమి చెబుతోంది?
పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 3 ప్రకారం ఈ అమరికలకు పేటెంటు లభించదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందానికి అనుగుణంగా వీటికోసం ప్రత్యేకంగా సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్స్ లేఅవుట్-డిజైన్ చట్టం, 2000 రూపొందింది. రక్షణ కాలం 10 సంవత్సరాలు. దరఖాస్తు తేదీ, తొలి వాణిజ్య వినియోగ తేదీలలో ఏది ముందైతే అప్పటి నుంచి ఈ కాలాన్ని లెక్కిస్తారు.

రిజిస్టరు కాని డిజైన్ విషయంలో ఉల్లంఘన దావా చెల్లదు. దరఖాస్తుకు ముందు 2 సంవత్సరాలకు మించి వాణిజ్యపరంగా వినియోగించిన డిజైన్ రిజిస్ట్రేషన్‌కు అనర్హం. కావున జాప్యం చేసిన వారు హక్కునే కోల్పోతారు.

ఉల్లంఘన, మినహాయింపులు
డిజైన్‌ను పూర్తిగా గాని, పాక్షికంగా గాని నకలు చేయడం, అటువంటి చిప్‌లను వాణిజ్యపరంగా దిగుమతి చేసుకోవడం, విక్రయించడం ఉల్లంఘన కిందికి వస్తాయి. ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించిన వారికి 3 సంవత్సరాల వరకు జైలు, లేదా రూ.50 వేల నుంచి రూ.10 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించేందుకు సెక్షన్ 56 వీలు కల్పించింది.

పరిశోధన, విశ్లేషణ, బోధన నిమిత్తం డిజైన్‌ను పరిశీలించడం నేరం కాదు. ఆ విశ్లేషణ ఆధారంగా మౌలికమైన కొత్త డిజైన్‌ను రూపొందించవచ్చు. నకలు చిప్ అని తెలియక కొన్న వర్తకుడు ఉల్లంఘనకు పాల్పడినట్లు కాదు. అయితే విషయం తెలిసిన తర్వాత మిగిలిన సరుకుపై రాయల్టీ చెల్లించవలసి ఉంటుంది.

విదేశీ అనుభవం
అమెరికా 1984లోనే ఇటువంటి చట్టం చేసింది. బ్రూక్‌ట్రీ, ఏఎండీ సంస్థల మధ్య నడిచిన వివాదంలో తాము విశ్లేషణ ద్వారానే డిజైన్ రూపొందించామని ఏఎండీ వాదించి, తమ కృషికి సంబంధించిన కాగితాలను చూపింది. జ్యూరీ ఆ వాదనను అంగీకరించలేదు. 1992లో అప్పీలు కోర్టు కూడా బ్రూక్‌ట్రీ పక్షానే నిలిచింది. చిప్‌లో అనేకసార్లు పునరావృతమయ్యే ఒక ముఖ్య భాగాన్ని నకలు చేసినా ఉల్లంఘనే అవుతుందని ఈ తీర్పు స్పష్టం చేసింది.

పాత్రికేయులు ఈ వివాదాలను పేటెంటు లేదా కాపీరైటు కేసులుగా పేర్కొనకుండా, లేఅవుట్ డిజైన్ హక్కు ఉల్లంఘనగా పేర్కొనడం సముచితం. డిజైన్ రిజిస్టరు అయిందా లేదా అన్నది ముందుగా నిర్ధారించుకొనగలరు.