డాల్ఫిన్ ఈత వేగమెంత? ఇతర సముద్ర జీవులతో ఒక పోలిక

డాల్ఫిన్ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఈదగలదని పిల్లల పుస్తకాలలో తరచు కనబడుతుంది. అయితే ఈ అంకెను నమ్మే ముందు దానిని ఎవరు, ఏ విధంగా కొలిచారో విచారించవలసి ఉంటుంది. నీటిలో పోయే జీవి వేగాన్ని కొలవడం రోడ్డుమీద బస్సు వేగాన్ని కొలిచినంత సులభం కాదు. పైగా డాల్ఫిన్లకు ఓడల ముందుభాగాన లేచే అలపై ఎక్కి పోయే అలవాటు ఉన్నది. అప్పుడు వాటిని ముందుకు నెట్టేది చాలావరకు ఓడే. ఓడమీది మనిషికి మాత్రం అది డాల్ఫిన్ సొంత బలమనిపిస్తుంది.

1936లో ఇంగ్లాండుకు చెందిన జీవశాస్త్రవేత్త జేమ్స్ గ్రే ఒక చిక్కుప్రశ్న లేవదీశాడు. ఒక డాల్ఫిన్ ఓడ పక్కగా దాదాపు 20 నాట్ల వేగంతో, అనగా గంటకు 37 కిలోమీటర్లతో, 7 సెకన్లపాటు దూసుకుపోయినట్లు వచ్చిన సమాచారాన్ని ఆయన తీసుకున్నాడు. అంత వేగానికి కావలసిన బలం దాని కండరాలకు లేదని లెక్క తేల్చాడు. డాల్ఫిన్ చర్మంలో ఏదో మహిమ ఉన్నదని శాస్త్రలోకం ఎన్నో ఏళ్లు వెదికింది. అసలు సంగతి వేరు. ఎక్కువసేపు శ్రమించే కండరానికి ఉండే బలాన్ని గ్రే లెక్కలోకి తీసుకున్నాడు. కొద్ది సెకన్ల పరుగులో కండరం అంతకు ఎన్నో రెట్లు బలం చూపగలదు. 2008లో అమెరికాలో తిమోతీ వే బృందం నీటిలో సన్నని బుడగలు వదలి, డాల్ఫిన్ తోక ఎంత బలంగా నీటిని నెడుతుందో కొలిచి చూపింది. తోకకే చాలినంత శక్తి ఉన్నదని తేలింది.

ఇక నమ్మదగిన కొలతలు చూద్దాం. 2002లో ప్రచురితమైన రోర్, ఫిష్ ప్రభృతుల పరిశోధనలో, శిక్షణ పొందిన బాటిల్‌నోస్ డాల్ఫిన్ల గరిష్ఠ వేగం సెకనుకు 8.2 మీటర్లు, అనగా గంటకు సుమారు 30 కిలోమీటర్లుగా వచ్చింది. నిలువుగా పైకి ఎగిరే ముందు మాత్రం ఇది 40 కిలోమీటర్లకు చేరింది. మామూలు ప్రయాణంలో డాల్ఫిన్ గంటకు పది కిలోమీటర్ల లోపే సాగుతుంది. మనిషితో పోల్చితే ఇదీ తక్కువేమీ కాదు. ప్రపంచస్థాయి ఈతగాడు 50 మీటర్లను దాదాపు 21 సెకన్లలో ఈదితే, ఆ వేగం గంటకు 8.6 కిలోమీటర్లు మాత్రమే.

చేపలలో వేగానికి పేరుపడినది సెయిల్‌ఫిష్. ఇది మన కోస్తా జాలరులు కొమ్ముకోనాం అనే చేపల కోవలోనిదే. దీని వేగం 110 కిలోమీటర్లని పాత పుస్తకాలు రాశాయి. ఆ అంకె గాలానికి చిక్కిన చేప తాడు లాగిన తీరునుబట్టి పుట్టినది. 2015, 2016 సంవత్సరాల పరిశోధనలు దాని వేట వేగాన్ని సెకనుకు 8 మీటర్ల ప్రాంతంలోనే చూపాయి. అనగా డాల్ఫిన్‌తో ఇంచుమించు సమానమే! పసుపు రెక్కల తూర చేపకు 1964లో 74.6 కిలోమీటర్ల కొలత నమోదైనది గాని, అది క్షణకాలపు పరుగు. డాల్ఫిన్ కుటుంబంలోనే పెద్దదైన ఓర్కాకు గిన్నిస్ పుస్తకం 55.5 కిలోమీటర్లిచ్చింది. అది 1958నాటి ఒక్క సంఘటన.

ఈ హద్దు ఎందుకున్నదో 2008లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఇద్దరు వివరించారు. తోక మరీ వేగంగా కొట్టినప్పుడు దాని ఒక పక్క ఒత్తిడి తగ్గి, నీరు ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు పగిలితే తోకకు దెబ్బ తగులుతుంది, నొప్పి కలుగుతుంది. పైనీటిలో సెకనుకు 10–15 మీటర్లు దాటడం అందుకే కష్టం. తూర చేప తోకరెక్కలో నొప్పి తెలిపే నరాలు లేవు గనుక దానికి కొంత వెసులుబాటు ఉన్నది.

మనకు సమీపంలో చూడదగిన డాల్ఫిన్ మాత్రం నెమ్మదైనది. ఒడిశాలోని చిలికా సరస్సులో నివసించే ఇరావతి డాల్ఫిన్‌కు ముక్కు పొడుచుకు రాదు, తల గుండ్రంగా ఉంటుంది. పేరు బర్మా నదిదైనా, 1852లో విశాఖపట్నం ఓడరేవులో దొరికిన నమూనా ఆధారంగానే 1866లో రిచర్డ్ ఓవెన్ ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. సాధారణంగా మందగమనంతో తిరిగే ఈ జీవి, పడవలు తరిమినప్పుడు మాత్రం గంటకు 20–25 కిలోమీటర్ల వేగం అందుకున్నట్లు నమోదైనది. అది ఆటకు చూపిన వేగం కాదు, భయంతో తీసిన పరుగు. వేగపు మరపడవను తప్పించుకునే ఈత దానికి ఎక్కువసేపు సాగదు. ఇంజను రెక్క తగిలినా, వలలో చిక్కి ఊపిరికి పైకి రాలేకపోయినా ప్రాణం పోతుంది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ జీవి ఉన్నది. గంజాం, బరంపురం వైపునుండి రంభకు గాని, ఆ పైన సాతపడాకు గాని వెళ్లి చిలికాలో పడవెక్కే కుటుంబాలవారు డాల్ఫిన్ కనబడగానే ఇంజను ఆపమని పడవవానికి ముందే చెప్పడం మంచిది. కదలక నిలిచిన పడవ దగ్గరకు అది తనంతట వచ్చి ఊపిరి పీల్చే చప్పుడు కూడా వినవచ్చును.