అట్ట మీదికి ఎక్కని ఫొటో

పాత తెలుగు పుస్తకాలు ఓ వంద వరసగా పేర్చి అట్టలు చూస్తే ఒక సంగతి ఇట్టే కంటపడుతుంది. గీత ఉంటుంది, కుంచె ఉంటుంది, ఒకటో రెండో రంగులుంటాయి. ఫొటో మాత్రం అరుదు. రచయిత మొహం చూడాలంటే వెనక అట్టకు తిప్పాలి, అక్కడా అది తపాలా బిళ్లకు అన్నలా ఉంటుంది. దీనికి మనం చెప్పుకునే కారణం ఒకటుంది: తెలుగువాళ్లకు బాపు దొరికాడు, కనక ఫొటో అక్కర్లేకపోయింది. వినడానికి బాగుంది గానీ ఇది సగమే నిజం. ఫొటోను అట్టకు దూరంగా ఉంచింది అభిరుచీ కాదు, ఫొటోగ్రాఫరు అడిగే డబ్బూ కాదు, అచ్చుకు ముందు చేయించాల్సిన బ్లాకు అని నా వాదన. ఆ బరువు అందరికంటే ఎక్కువగా పడింది సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే రచయిత మీద. మన కవితా సంపుటాల్లో, కథల సంపుటాల్లో అలా వచ్చినవి ఎన్నో. ‘ప్రతులకు’ అన్నచోట రచయిత ఇంటి చిరునామా ఉందంటే ఇక చెప్పక్కర్లేదు.

ఫొటోలకు కరువేమీ లేదు. 1880ల్లోనే సికింద్రాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఉంది. ‘కన్యాశుల్కం’ 1897లో మొదటిసారి అచ్చయ్యేనాటికి ఆయన పేరున్న ఛాయాచిత్రకారుడు. సొంతంగా పుస్తకం వేసుకుని అందులో ఫొటోలు పెట్టుకోవాలన్న కోరిక అంతకన్నా పాతది. ఇంగ్లండులో అన్నా ఆట్కిన్స్ 1843లో సముద్రపు నాచుల పుస్తకం మొదలుపెట్టినప్పుడు అచ్చు యంత్రం జోలికే పోలేదు. నీలిరంగు సైనోటైపు పద్ధతిలో, అక్షరాలతో సహా, ప్రతి పేజీనీ ఎండలో పెట్టి తయారుచేసింది. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అయితే, టెనిసన్ కావ్యాల కోసం తను తీసిన ఫొటోలు చిన్న చెక్కబ్లాకు బొమ్మలుగా కుదించుకుపోవడం చూసి, 1874–75లో అసలు ఫొటోలే అతికించిన పెద్ద సంపుటాలను తన ఖర్చుతో వేయించుకుంది. ఇద్దరిదీ ఒకటే చిక్కు. ఫొటో చేతిలో ఉంది, దాన్ని వెయ్యి ప్రతుల్లోకి చవగ్గా ఎక్కించే దారి లేదు.

ఆ దారి హాఫ్‌టోన్ రూపంలో వచ్చింది. 1882లో జర్మనీలో మైసెన్‌బాఖ్ దానికి పేటెంటు పొందాడు. 1890ల్లో కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ దాన్ని చేపట్టి, ఆ విద్య గురించి ఇంగ్లండు పత్రికలకు వ్యాసాలు రాసేంత పట్టు సాధించాడు. పద్ధతి ఇది: గీతలు గీసిన అద్దపు తెరలోంచి ఫొటోను మళ్లీ ఫొటో తీస్తారు, నలుపు తెలుపుల మధ్య ఉండే ఛాయలన్నీ చిన్నా పెద్దా చుక్కలుగా విడిపోతాయి, ఆ చుక్కలను రాగి రేకు మీదో జింకు రేకు మీదో యాసిడ్‌తో తొలిచి, రేకును చెక్కదిమ్మకు బిగిస్తారు. నల్లసిరాతో గీసిన బొమ్మకు ఈ తెర పనే లేదు. ఉన్నది నలుపూ తెలుపే గనక నేరుగా లైన్ బ్లాకు అయిపోతుంది. హాఫ్‌టోన్‌తో పోలిస్తే లైన్ బ్లాకు చవక, పని సులువు, గరుకు కాగితం మీద కూడా గీత గీతలాగే పడుతుంది. హాఫ్‌టోన్‌కు నున్నటి ఆర్ట్ పేపరు కావాలి. మామూలు కాగితం మీద చుక్కల సందుల్లోకి సిరా పాకి, మనిషి మొహం మసి పూసినట్టు తేలుతుంది. పైగా బ్లాకు ధర చదరపు అంగుళాల లెక్కన. డెమ్మీ 1/8 సైజు అట్ట అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడుగు, అంటే దాదాపు 47 చదరపు అంగుళాలు. వెనక అట్ట మీది రచయిత ఫొటో ఒకటిన్నర బై రెండు అనుకుంటే మూడు చదరపు అంగుళాలు. రచయితలు అంత వినయంగా వెనక్కి తగ్గడానికి ఈ లెక్క కూడా కొంత కారణం. రంగుల ఫొటో అయితే మూడో నాలుగో బ్లాకులు, అన్నిసార్లు మిషను మీదికి ఎక్కించడం, రంగు మీద రంగు సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ చెదిరిపోవడం. అయిదొందలో వెయ్యో ప్రతులు వేసుకునే కవికి ఆ మాటే అక్కర్లేదు. గీతకు ఒక లైన్ బ్లాకు, వెనక పరిచిన రంగుకు ఒక సాదా దిమ్మ. మనం ‘తెలుగు అట్ట’ అని ముచ్చటపడే ఆ నల్లటి గీత, ఒంటి రంగు పరుపు చాలావరకు ఈ పొదుపులోంచి పుట్టిన అందమే.

ఫొటో పుస్తకంలోకి రానేలేదని కాదు. దానికి వేరే ద్వారం ఉండేది, అది కావ్యాన్ని అంకితం పుచ్చుకునే కృతిభర్త ద్వారం. పాత కావ్యాల్లో ముఖపత్రం దాటగానే జమీందారుగారి తలపాగా, మెడలో పతకాలు కనబడేవి. ఆ ఒక్క రేకూ ఆర్ట్ పేపరు మీద విడిగా అచ్చువేసి, పుస్తకంలో కుట్టేవారు. ఖర్చు భరించేవారు ఉన్నచోట ఫొటో నిక్షేపంగా అచ్చయిందన్నమాట. కృతి పుచ్చుకునేవాళ్లు తగ్గాక ఆ రేకూ తగ్గింది.

ఇంకో కారణాన్ని ఎందుకో ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు, అక్షరాలు. పేరును అట్ట మీద పెద్దగా వేయాలంటే చిన్న ప్రెస్సులో పెద్ద సైజు తెలుగు టైపు రకాలు ఎన్నో ఉండేవి కావు. ఉన్నవాటిలో వత్తులూ గుణింతాలూ కుదరడం మరో తంటా. చిత్రకారుడైతే బొమ్మా తనే వేసి, పేరూ తనే రాసేవాడు. రెండూ కలిపి ఒకే బ్లాకు. శీలా వీర్రాజు, బాపు, చంద్ర అట్టల్లో బొమ్మను తీసేసి అక్షరాన్నే చూసినా ఎవరిదో గుర్తుపట్టవచ్చు. బాపు చేతిరాత చివరికి కంప్యూటరు ఫాంటే అయింది. ఎంత గొప్ప ఫొటోగ్రాఫరైనా ఈ రెండో సగం ఇవ్వలేడు.

అభిరుచి మాటేమిటి, తెలుగు పాఠకుడికి బొమ్మే ఇష్టం కదా అనవచ్చు. ఆ పాఠకుడే 1966 నుంచి ‘విజయచిత్ర’ను, 1976 నుంచి ‘సితార’ను తారల ఫొటోలు చూసే కొన్నాడు. పత్రిక వేల ప్రతులు అమ్ముడుపోతుంది గనక బ్లాకు ఖర్చు ప్రతికి పైసల్లోకి దిగుతుంది, వెయ్యి ప్రతుల పుస్తకానికి దిగదు. తేడా కంటిది కాదు, లెక్కది. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది: నవల అట్ట మీద ఫొటో వేస్తే కథానాయికకు ఒకే మొహం అంటుకుపోతుంది, గీత అయితే పాఠకుడి ఊహకు చోటిస్తుంది. ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ ఫొటో అంటే మొహమే కానక్కర్లేదు. గడప, బావిగట్టు, ఆగిపోయిన మగ్గం కూడా ఫొటోలే. పైగా ఊహతో పనిలేని ఆత్మకథలకూ యాత్రాకథనాలకూ ఊరి చరిత్రలకూ కూడా మనం బొమ్మే వేయించుకున్నామంటే, కారణం ఊహ ఒక్కటే కాదు.

ఆఫ్‌సెట్ వచ్చాక ఈ లెక్క తారుమారైంది. నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు. వాటి మీద ఉన్నది బాపు గీతా, చెరువుగట్టు ఫొటోనా అన్నది ప్లేటు ధరకు పట్టదు. తర్వాత కంప్యూటర్లో పేజ్‌మేకరూ ‘అను’ తెలుగు ఫాంట్లూ వచ్చి అక్షరాల చిక్కూ తీర్చాయి. డిజిటల్ ప్రింటింగులో ప్లేటే లేదు, వంద ప్రతులు వేసుకున్నా సరే. అయినా ఫొటో అట్టలు వరదలా రాలేదు. ఇక్కడ నా లెక్కల వాదం కొంత తగ్గాలి. చిత్రకారులు మన సాహిత్య సభల్లో మనుషులు. స్నేహానికో, కవిత్వం మీది ప్రేమకో ఊరికే వేసిపెట్టిన అట్టలకు లెక్కలేదు. తెలుగు స్వీయప్రచురణకు అందిన అతి పెద్ద సబ్సిడీ అదే, ఏ అకాడమీ కూడా అంత ఇచ్చి ఉండదు. ఫొటోగ్రాఫరుతో మనకు ఆ చనువు ఎప్పుడూ లేదు. ఆయన్ని పెళ్లికి పిలిచాం గానీ పుస్తకావిష్కరణలో కూడా వేదిక కింద కెమెరాతోనే నిలబెట్టాం.

ఆ ఖాళీలోకి నెట్‌లో దొరికే రెడీమేడ్ బొమ్మలు వచ్చాయి. కోనసీమ కథలకు ఏ ఐరోపా పల్లె దారో అట్ట అవుతోంది. అదే బొమ్మ రేపు ఇంకో భాషలో వంటల పుస్తకం మీదా కనిపించవచ్చు, ఎందుకంటే మామూలుగా అక్కడ కొనేది వాడుకునే అనుమతినే, బొమ్మను కాదు. పాత ఫొటోనే కదా అని దించుకోవడమూ క్షేమం కాదు. అచ్చయిన 60 ఏళ్లకు ఫొటో హక్కు తీరిపోతుందన్న నిబంధనను 2012 సవరణ తొలగించింది. ఇప్పుడు లెక్క తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. తీయించుకున్న ఫొటో సంగతి వేరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నవారే దానికి మొదటి హక్కుదారులు. ఇచ్చింది ఎంతో, దేనికోసమో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు.

ఇక అట్టకు సొంతంగా ఫొటో తీయించుకోవాలంటే అందుబాటు ధర సంగతి. పెళ్లిళ్ల రోజుల్లో ఊళ్లో ఏ ఫొటోగ్రాఫరూ దొరకడు, దొరికినా బేరానికి దిగడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, కెమెరాలు సంచుల్లోనే ఉంటాయి. ఒక పూట పనికి అప్పుడు అడిగి చూడండి. పుస్తకంలో ‘ముఖచిత్రం’ అన్నచోట ఆయన పేరు వేయడం మాత్రం మరిచిపోకండి.