ఉప్పునీటి తొట్టి – నాచు కోత



సంస్కృతమున శైవాలమనియు, మన వాడుకలో నాచు, పాచి యనియు పిలువబడు వస్తువునకు లోకములో మంచిపేరు లేదు. మెట్లమీద పాచి పట్టినదనిన కాలు జారునని భయము. చెరువులో నాచు పెరిగినదనిన నీరు చెడినదని తలంపు. అట్టి నాచే నీటిని శుభ్రపరచు సాధనమై, గాజుతొట్టిలో సముద్రజీవులను బ్రతికించిన చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని. ఇది మన దేశమున పుట్టిన కథ కాదు. అయినను ఇందలి నీతి చేను కోసిన మీకు క్రొత్తది కాదు.

చేపను తొట్టిలో పెంచువానికి రెండు చిక్కులు కలవు. మొదటిది ఊపిరి, రెండవది మలినము. చేప విసర్జించు దానినుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా అను విషము పుట్టును. రాళ్లపై వసించు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. నైట్రేటు మొదటి రెండింటివలె తీక్ష్ణమైన విషము కాదు గాని, పోవు దారి లేక దినదినము పేరుకొనును. సముద్రమున కంతులేని విస్తారము కలదు; తొట్టికి లేదు. పగడపు దిబ్బల జీవులో, బహు సుకుమారములు. కావున ఉప్పునీటి తొట్టిని నిలుపదలచినవాడు మాటిమాటికి నీరు మార్చవలసినవాడయ్యెను. సముద్రమునకు దూరమున నున్నవానికి అది మిక్కిలి ప్రయాస.

ఈ రెండు చిక్కులలో ఊపిరి చిక్కు ముందుగా విడినది. 1771లో ప్రీస్ట్‌లీ అను ఆంగ్ల పండితుడు, కొవ్వొత్తి మండి చెడిన గాలిలో పుదీనా కొమ్మ నుంచి, కొన్ని దినములకు ఆ గాలిలోనే కొవ్వొత్తి మరల మండుటను కనుగొనెను. 1779లో ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు, గాలిని బాగుచేయునవి మొక్కయొక్క పచ్చని భాగములనియు, అదియును వెలుతురు తగిలినప్పుడే యనియు ప్రకటించెను.

1846లో ఆనా థిన్ అను ఆంగ్ల స్త్రీ టార్కీ తీరమునుండి పగడపు జాతి జీవులను లండను నగరమునకు కొనిపోయెను. నీటికి గాలి సోకుటకై దానిని ఒక పాత్రనుండి వేరొక పాత్రకు మరల మరల పోయుట నిత్యకృత్య మయ్యెను. 1847 వసంతమున ఆమె సముద్రపు మొక్కలను కూడ ఆ నీటిలో చేర్చెను. జంతువును మొక్కయు ఒకదానికొకటి తోడయ్యెను.

అదే నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు రెండు బంగారు చేపలను, ఒక నీటి మొక్కను మంచినీటి తొట్టిలో నుంచి చూచెను. మొక్క ఊపిరి నిచ్చెను గాని, దాని ముదురాకులే కుళ్లి నీటిని చెరచెను. అప్పుడతడు నత్తలను వదలెను. అవి కుళ్లిన ఆకులను తినగా నీరు తేటపడెను. ఈ ఫలితమును అతడు 1850లో రసాయన శాస్త్ర సంఘమునకు నివేదించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు మత్స్యగృహము తెరువబడెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథముతో ఆక్వేరియమను పేరు ఇంటింట మ్రోగెను.

ఇచ్చట మీరొక సూక్ష్మమును గమనింపవలెను. నత్త ఆకును తినెను, సరియే. కాని నత్త విసర్జించినది ఎక్కడ చేరెను? ఆ నీటిలోనే. మలినము రూపు మార్చుకొనెను గాని తొట్టి గట్టు దాటలేదు. ఈ లోపము తీరుటకు నూరేండ్లకు పైగా పట్టెను. ఈ మధ్యకాలమున తొట్టి పెంపకందారులు ఇసుక వడపోతలను, నీటి మార్పిడిని నమ్ముకొని, నాచును మాత్రము శత్రువుగా నెంచి తోమి పారవేయుచు వచ్చిరి.

ఈ దృష్టిని మార్చినవాడు అమెరికా దేశమున స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ. అతడు కరిబియను సముద్రమునందలి సెయింట్ క్రోయి దీవి చెంత పగడపు దిబ్బలను పరిశీలించెను. అచ్చటి నీరు అద్దమువలె నిర్మలము. ఆ నీటి అడుగున రాళ్లమీద పచ్చికవలె పలుచని నాచు పరచుకొని యున్నది. అల కొట్టుచుండును, ఎండ కాయుచుండును, చేపలు ఆ నాచును ఎప్పటికప్పుడు మేయుచుండును. మేసినకొలది అది చిగిర్చును. చిగిర్చినకొలది నీటియందలి పోషకములను పీల్చును. ఏడీ ఈ క్రమమునే యంత్రముగా మలచెను. లోతులేని తొట్టెలో వల పరచి, పైన ప్రకాశవంతమైన దీపము లమర్చి, నిండినకొలది తలక్రిందులగు బక్కెటుతో అలలు పుట్టించెను. వలపై నాచు దట్టముగా పెరిగెను. దానిని గీకి వెలుపలకు తీసిన, అది త్రాగిన మలినము దానితోనే వెలికి పోయెను. 1982లో ఈ సాధనమునకు అమెరికాలో పేటెంటు లభించెను. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ నగరమున 1987లో తెరువబడిన పగడపు దిబ్బ ప్రదర్శనశాలలోను, 1991లో ఎనమండుగురు మనుష్యులు లోపల నివసించిన బయోస్ఫియర్ 2 కట్టడమునందలి కృత్రిమ సముద్రమునకును ఇట్టి నాచు వడపోతలనే అమర్చిరి.

పిమ్మట సామాన్యులు దీనిని మరింత సులభముచేసిరి. బక్కెటుకు బదులు జలపాతము వచ్చెను. మా మనుమనికి తోడై నేనును అట్టిదాని నొకటి కట్టితిని. మాకు సముద్రము దూరము; నీరు మార్చినప్పుడెల్ల తొట్టి ఉప్పు కొని కలుపవలసియుండెను. ఉన్ని అల్లికకు వాడు ప్లాస్టిక్ జల్లి నొకదానిని తెచ్చి, రంపపు బద్దతో గరుకు పుట్టువరకు గీచితిమి. నున్నని జల్లిని నాచు పట్టుకొనజాలదు. ప్లాస్టిక్ గొట్టమునకు నిలువున సన్నని చీలిక చేసి, జల్లి అంచు నందు దూర్చితిమి. చిన్న మోటారు తొట్టి నీటిని గొట్టమున కెక్కింపగా, అది జల్లి రెండు ప్రక్కల పలుచని తెరయై జారి మరల తొట్టిలో పడును. జల్లి వెడల్పున అంగుళమునకు గంటకు సుమారు 130 లీటర్ల నీరు పారవలెనని అనుభవజ్ఞుల లెక్క. ఇరుప్రక్కల దీపములు, తుంపర తగులని దూరమున. దీపములకును దినమునకు కొన్ని గంటలు విరామము వలయును.

మొదట గోధుమవన్నె జిగురు పట్టినది. కొన్ని వారములకు పచ్చని వెండ్రుకలవంటి నాచు మొలచినది. వారమున కొకమారు జల్లిని వెలికి తీసి, మంచినీట కడిగి, గీకుచున్నాము. మరల చిగిర్చుటకై కొంత విడుచుచున్నాము. గీకక విడిచిన అడుగుపొరకు వెలుతురు చాలక చచ్చును. జల్లి నూడి త్రాగినదంతయు నీటికే తిరిగి యిచ్చును. పరీక్షలో నైట్రేటు రంగు క్రమముగా పలుచనైనది. నాచునుండి కొంత పసుపు వన్నె నీటికి దిగునన్న ఆక్షేపణ కలదు, అది నిజమే. బొగ్గు వడపోత దానిని తీర్చును.

ఈ విద్య వేడుకకే పరిమితము కాదు. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున పాడిపశువుల పేడనీటిని ఇట్టి నాచు మడులపై పారించి, కోసిన నాచును ఎరువుగా పరీక్షించిరి. మన కోస్తా జిల్లాలలో చేపల చెరువులును, రొయ్యల చెరువులును విస్తరించినవి. ఆ నీటియందును మేత మిగులుచున్నది, అమ్మోనియా పుట్టుచున్నది, ఆ నీరు కాలువలకు దిగుచున్నది. గాజుతొట్టి చెప్పిన మాట ఆ చెరువునకును వర్తించును. మలినమును మరియొక చోటికి పారించుట శుభ్రత కాదు. దానిని తిను మొక్కకు చోటిచ్చి, ఆ మొక్కను వేళకు కోసి, పొలమునకు చేర్చుటయే శుభ్రత. పంట పెంచినవానికి కోత కోయు బాధ్యతయు కలదని మీకు నేను చెప్పవలసినది లేదు.