మూసీ ఒడ్డున మడ్డి లెక్క

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద నివారణతో పాటు భూగర్భ మురుగు కాలువల పథకాన్నీ ఆయన రూపొందించారు. మురుగును ఊరు దాటించడం ఒక పని; దాన్ని శుద్ధి చేయడం మరో పని.

శుద్ధికి కీలకం నీటి నుంచి మడ్డిని విడదీయడం. ఒంటరి రేణువు దిగే వేగాన్ని 1851లో స్టోక్స్ సూత్రీకరించాడు. మడ్డి దిగే తొట్టి లోతుకన్నా ఉపరితల వైశాల్యమే ముఖ్యమని 1904లో అలెన్ హేజెన్ చూపాడు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ సూక్ష్మజీవులతో మురుగును శుద్ధి చేసే యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిని ప్రకటించాక చిక్కు పెరిగింది. సూక్ష్మజీవుల ముద్దలు ఒంటరిగా దిగవు. ఒకదాన్నొకటి అడ్డుకుంటూ గుంపుగా దిగుతాయి. అలా దిగే వేగం అక్కడి మడ్డి సాంద్రతను బట్టే ఉంటుందని 1952లో కించ్ ప్రతిపాదించాడు. ఆ పునాది మీదే 1991లో టకాచ్, ఆయన సహచరులు తొట్టిని పది పొరలుగా విభజించి, ఒక్కో పొరలోకి వచ్చే, అక్కడి నుంచి పోయే మడ్డిని లెక్కగట్టారు. జడివానకు ప్రవాహం పెరిగితే మడ్డి మట్టం ఎంత లేస్తుందో, శుద్ధ జలంతో కలిసి ఎప్పుడు బయటపడుతుందో ముందే అంచనా వేసే వీలు కలిగింది.

హైదరాబాదులోని అంబర్‌పేటలో యూఏఎస్‌బీ (అప్‌ఫ్లో అనరోబిక్ స్లడ్జ్ బ్లాంకెట్) పద్ధతిలో నడిచే మురుగు శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. ఈ పద్ధతి 1970లలో నెదర్లాండ్స్‌లో లెటింగా బృందం అభివృద్ధి చేసినది. మురుగు అడుగు నుంచి పైకి పారుతూ మడ్డి పొరను దాటుతుంది. ఇక్కడా లెక్క దిగే వేగానిదే: పైకెక్కే నీటి వేగం మడ్డి దిగే వేగాన్ని మించితే సూక్ష్మజీవులే కొట్టుకుపోతాయి.