కోలారు సీమలో పశువుల తెగుళ్లు – పొలిమేర కట్టు

ఊరిగాం అనగానే ఎల్లరకును బంగారము జ్ఞప్తికి వచ్చును. ఆ బంగారమును వెలికి దీసిన యంత్రములను మొదట గనులకు లాగి తెచ్చినవి ఎద్దులని మన పిల్లలలో ఎరిగినవారు తక్కువ. 1880లో జాన్ టేలర్ సంస్థ ఇచట అడుగిడిన నాటినుండి, 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, నుండి రైలుమార్గము పడువరకు బరువంతయు బండ్లమీదనే సాగెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట చుట్టుపట్ల పల్లెలలోని మనవారికి పెద్ద ఆధారమైనది మరల గోవే. కావున ఈ సంచికలో గనుల చరిత్రకు బదులు పశువుల తెగుళ్ల చరిత్రను కొంత ముచ్చటింపదలచితిమి.

మన పూర్వులలో పెక్కురు పాత ఉత్తర ఆర్కాటు జిల్లానుండి వచ్చినవారు. 1911లో ఆ జిల్లానుండియే చిత్తూరు జిల్లా ఏర్పడెను. తరువాత రాష్ట్రములును వేరయ్యెను. అయినను కుప్పము, వెంకటగిరికోట, పలమనేరులతో మన వియ్యములు తెగలేదు. పశువుల రాకపోకలును అట్లే. అల్లునికి అరణపుటావు అటునుండి వచ్చును, ఆవని తిరునాళ్లలో కొన్న కోడెలు ఇటునుండి పోవును. తెగులును ఆ బాటలవెంటనే వచ్చెడిది.

పూర్వము మిక్కిలి భయపడినది ముసర. కన్నడిగులు దానిని దొడ్డరోగమందురు. తీవ్రమైన జ్వరము, నోటిపూత, నెత్తురు విరేచనములు. పదిదినములలో కొట్టము ఖాళీ. తెగులు వచ్చిన ఊరినుండి పశువును పొలిమేర దాటనీయక, అమ్మవారికి కొలుపు జరిగి శాంతించువరకు తమ మందను ఊరిలోనే కట్టివేయుట వాడుక. దీనిని మూఢాచారమని నవ్వుట సులభము. కొలుపు సంగతి యెట్లున్నను, పశువును కదలనీయకుండుటలో మాత్రము ఆ పెద్దలు పొరబడలేదు.

ముసరపై శాస్త్రీయ పరిశోధన మన దేశమున హిమాలయములలోని ముక్తేశ్వరమున సాగెను. 1897లో రాబర్టు కాక్ పండితుడు ఆ పరిశోధనశాలను దర్శించెను. 1920ల చివర ఎడ్వర్డ్సు దొర తెగులు విషమును మేకలలో పలుమార్లు పెంచి, దాని వాడి తగ్గించి టీకాగా మలచెను. మైసూరు సంస్థానములో 1925లో బెంగుళూరు హెబ్బాళమున సీరం సంస్థ వెలసెను. 1954లో దేశవ్యాప్తమైన నిర్మూలన పథకము మొదలై, రాష్ట్ర సరిహద్దులలో తనిఖీ కేంద్రములు నెలకొల్పబడెను. పాత పొలిమేర కట్టే ఈ పర్యాయము సర్కారు చీటితో వచ్చినదని మేము తలంతుము.

అయినను దక్షిణ దేశమున తెగులు మొండిగా నిలిచెను. 1995లో భారతదేశమున చివరి ముసర బయల్పడినది మన పూర్వుల ఉత్తర ఆర్కాటులోనే! అటుపై ఒక చిక్కు వచ్చినది. నెత్తురు పరీక్షించినచో, రోగము సోకి బ్రతికిన పశువును, టీకా పొందిన పశువును వేరుపరచుట సాధ్యము కాదు. తెగులు నిజముగా పోయినదని తేల్చుటకు టీకాలనే మానవలసి వచ్చెను. ఇన్నేండ్లు కాపాడినదానిని విడిచి ఏండ్ల తరబడి కనిపెట్టుకొని యుండుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో చదువరులే ఊహింతురు గాక. 2006లో దేశమునకును, 2011లో లోకమంతటికిని ముసర లేదని ప్రకటన వెలువడెను.

గాలికుంటు అట్లు వదలలేదు. 2013లో కర్ణాటకమున అది ప్రబలినపుడు మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో కోలారు ఒకటి. నాటు ఆవు కుంటుచు కోలుకొనెను గాని, పాలకొరకు అప్పుచేసి తెచ్చిన సీమజాతి సంకరపుటావులు నోట చొంగ కార్చుచు, గిట్టలు పుండై, లేవలేక పడిపోయెను. కోలుకొన్నదానికిని పాలు మునుపటివలె దిగవు. రాగి అంబలి నోట పోయుచు రాత్రులు మేలుకొన్న ఇల్లాండ్రను మేమెరుగుదుము.

ఇచ్చట పరీక్షయొక్క ఆలస్యమును గూర్చి చెప్పవలెను. మన దేశమున గాలికుంటు వైరసు ఓ, ఏ, ఆసియా-1 అని మూడు తెగలు. ఒకదాని టీకా మరొకదానిని ఆపదు. తెగ తేలుటకు పొక్కుపొరను చెడకుండ మంచుపెట్టెలో పరిశోధనశాలకు పంపవలెను. పులుపు తగిలినచో ఆ వైరసు నశించును గనుక, దానిని తగిన ద్రావకమునందే ఉంచవలెను. హెబ్బాళము మనకు దూరము కాదు. కాని పొక్కు కనబడకమునుపే పశువు రోగమును విరజిమ్ముచుండును. ఫలితము వచ్చులోపల సంత ఒకటి జరిగిపోవును. నిషేధము ఆ తరువాత వచ్చి, తెగులు లేని ఇంటివానిని కూడ అమ్మకమునకు లేకుండ కట్టివేయును. నిషేధము తప్పని మేమనము. ఆలస్యముగా వచ్చిన నిషేధము ఎక్కువ దినములు నిలువవలసి వచ్చుచున్నది. ఆ దినముల వడ్డీ పేదవాడు కట్టుచున్నాడు.

2022లో ఒడలెల్ల గడ్డలు లేపు ముద్దచర్మ వ్యాధి వచ్చెను. మరల సంతలును రవాణాయు ఆగెను. ఈ తెగులును ఈగలు, దోమలు మోయును గనుక బాటను మూసినంత మాత్రమున చాలదు. అప్పుడు ఆవులకు వేసినది మేకల మశూచి టీకా. ఎడ్వర్డ్సు దొర నాటి మేక శతాబ్ది కావచ్చిన పిమ్మట మరల ఆవుకు సాయము వచ్చినది గదాయని మాలో మేము నవ్వుకొంటిమి. ఆ యేట పెండ్లిండ్లు జరిగిన కొన్ని ఇండ్లలో అరణపుటావును సరిహద్దు దాటింప వీలులేక, మామగారు రొక్కము చేతబెట్టి, దారి తెరచిన పిదప దూడతోకూడ తోలుకొని వత్తునని మాట యిచ్చి పోయిరి.