తెరయు పెట్టెయు

సూరతు నగరమునకు నైరుతి దిశనున్న ఆల్థాన్ పేటలో ఈనాడు క్రొత్త ఇంట చేరిన తెలుగు కుటుంబము మొదట కొను వస్తువులలో టెలివిజన్ ఒకటి. కొనునప్పుడొక సందేహము తప్పక కలుగును. గోడకు తగిలించు ఆ తెరలోనే వార్తలను, చలనచిత్రములను, పాటలను అంతర్జాలమునుండి తెచ్చిపెట్టు సాఫ్ట్‌వేరు ఇమిడియున్నది. దానినే స్మార్ట్ టీవీ అనుచున్నారు. అట్లుండగా మరికొన్ని వేల రూపాయలు వెచ్చించి, అదే పని చేయు చిన్న స్ట్రీమింగ్ పెట్టెను వేరుగా కొనుట ఎందులకు? అంగడివాడొక సమాధానము చెప్పును. పొరుగింటి యువకుడు మరొకటి చెప్పును. ఇద్దరును ఈ ప్రశ్న తమ కాలమున పుట్టినదనియే తలంతురు. కాని ఏబది సంవత్సరములకు పూర్వము, అంతర్జాలమను మాటయే పుట్టని పల్లెలలో ఇదే ప్రశ్న వేరొక రూపమున తలయెత్తినది. ఆనాడు దానికి దొరికిన సమాధానములో గుజరాతునకును తెలుగునేలకును కూడ భాగము కలదు.

1975 ఆగస్టు 1వ తేదీన భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, అమెరికాకు చెందిన నాసాయు కలిసి ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగమును ప్రారంభించినవి. సైట్ అను పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగము సరిగా ఒక సంవత్సరము, అనగా 1976 జూలై 31 వరకు నడచినది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములు దీనికై ఎన్నుకొనబడినవి. ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము కార్యక్రమములను ఆకాశమునుండి నేరుగా పల్లెకు దింపుచుండెను. ఒక చిత్రముతోపాటు రెండు భాషల ధ్వనిని పంపగల ఏర్పాటు దానియందుండెను. హిందీ, ఒరియా, కన్నడములతోపాటు తెలుగునకును అందు స్థానము లభించినది.

చిక్కు వచ్చినది పల్లెలోని సెట్టు దగ్గర. ఉపగ్రహము 860 మెగాహెర్ట్జుల పౌనఃపున్యముపై, సాధారణ టెలివిజన్‌కు అర్థముకాని పద్ధతిలో సంకేతము పంపును. కావున ఇంజనీర్ల యెదుట రెండు మార్గములు నిలిచినవి. ఉపగ్రహ భాష మాత్రమే తెలిసిన క్రొత్తరకపు సెట్టును తయారుచేయుట ఒకటి. సాధారణమైన సెట్టునే ఉంచి, దాని ముందొక మార్పిడి పెట్టెను అమర్చుట రెండవది. అహమ్మదాబాదులోని అంతరిక్ష శాస్త్రజ్ఞులు రెండవ మార్గమునే పట్టిరి. కోళ్ళ గూళ్ళకు వాడునట్టి తీగవలతో అల్లిన పదియడుగుల గొడుగు సంకేతమును పట్టును. పెట్టె దానిని మార్చి సెట్టునకు అందించును. ఆ సెట్లను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. సంవత్సరము గడచినంతనే ఉపగ్రహము మనదేశమునకు అందుబాటులో లేకుండ పోయినది. ప్రయోగమునకు కొనసాగింపుగా 1977లో హైదరాబాదులో భూమిపైనుండి ప్రసారము చేయు కేంద్రము వెలసినది. మార్పిడి పెట్టె పని తీరిపోయినది. సెట్టునకు మాత్రము పని మిగిలినది. ఈ చిన్న సంగతిని ఆల్థాన్ గృహస్థు ఒకమారు మనసునకు తెచ్చుకొనుట మంచిది. తెరకు ఆయుర్దాయము హెచ్చు. సంకేతమును అర్థము చేసికొను బుద్ధికి ఆయుర్దాయము తక్కువ. రెండింటిని విడదీసి ఉంచినందువలననే ఆనాటి సెట్టు బ్రతికినది.

హైదరాబాదు కేంద్రపు ప్రసారము సూరతునకు అందునది కాదు. ఆ నగరమున తెలుగువారికి కొదువలేదు. తెలంగాణమునుండి తరలివచ్చిన పద్మశాలీలు మరమగ్గముల పనిలో స్థిరపడి లింబాయత్ మొదలగు పేటలలో కాపురముండిరి. వారి పిల్లలకై నగరపాలక పాఠశాలల మండలి తెలుగు మాధ్యమమున బడులను నడపినది. బడిలో తెలుగు కలదు, వీధిలో తెలుగు కలదు, ఇంటి టెలివిజన్‌లో మాత్రము తెలుగు లేదు. ఢిల్లీ దూరదర్శన్ ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయ భాషాచిత్రములను చూపెడు కాలమున, ఏ వారమో తెలుగు వంతు వచ్చినప్పుడు మాత్రమే ఆ కొరత తీరుచుండెను.

1995లో ఫిబ్రవరి నెలయందు జెమిని టీవీ, ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభమైనవి. ఉపగ్రహము రాష్ట్రపు ఎల్లలను ఎరుగదు కదా! కాని ఉపగ్రహమునకును ఇంటికిని నడుమ కేబుల్ ఆపరేటరు నిలిచెను. అతడు తన మిద్దెపై ఒక గొడుగును, క్రింద ఒక రిసీవరును తెలుగునకు కేటాయించినచో ఆ వీధికి తెలుగు వచ్చును. కేటాయింపనిచో రాదు. అతడు కేటాయించినను, ఎనిమిదో పన్నెండో మీటలు మాత్రమే కల పాత సెట్లకు అన్ని చానళ్ళను పట్టు శక్తి లేదు. అప్పుడును ఒక చిన్న మార్పిడి పెట్టెయే వచ్చి ఆ సెట్లను ఆదుకొనినది.

తరువాతి మలుపు చట్టమువలన వచ్చినది. కేబుల్ ప్రసారములన్నియు డిజిటల్ కావలెనని 2011లో పార్లమెంటు చట్టమును సవరించినది. మొదటి దశలో మహానగరములు, రెండవ దశలో 38 నగరములు మారవలసియుండెను. ఆ రెండవ పట్టికలో సూరతు కలదు, హైదరాబాదు, విశాఖపట్టణములును కలవు. గడువు 2013 మార్చి 31. ఆనాడు బొజ్జ పెరిగిన గాజుగొట్టపు టెలివిజన్లను ఎవరును పారవేయనక్కరలేకపోయినది. పసుపు, తెలుపు, ఎరుపు కొనలుగల మూడు తీగెలతో సెట్‌టాప్ బాక్సును తగిలించినంత పాత తెరపైననే క్రొత్త ప్రసారము కనుపించినది. అయితే ఈ పెట్టెలకొక దోషముండెను. ఒక సంస్థ ఇచ్చిన పెట్టె వేరొక సంస్థ ప్రసారమునకు పనికిరాదు. సంస్థను మార్చినవాడు పెట్టెను అటకపైకి ఎక్కింపవలసినదే. ఏ పెట్టె అయినను ఏ సంస్థకైనను పనికివచ్చునట్లుండవలెనని టెలికాం నియంత్రణ సంస్థ 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వమునకు సిఫారసు చేసినది.

ఇంతలో అంతర్జాలము వచ్చి తగవును మరల తెరమీదికి తెచ్చినది. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2007లో తన చిత్రములను చూపుటకు సొంతముగా ఒక పెట్టెను సిద్ధపరచి, విడుదలకు ముందు వెనుదీసినది. తాను పెట్టెను అమ్మినచో, టెలివిజన్లు తయారుచేయు ఇతర సంస్థలు తన చిత్రములకు చోటీయవేమోనని దాని శంక. ఆ పెట్టె రోకు అను సంస్థ పేరుతో 2008 మే నెలలో అంగడికెక్కినది. టెలివిజన్ తయారీదారులు కూడ ఊరకుండలేదు. 2014లో ఎల్.జి. సంస్థ వెబ్‌ఓఎస్‌ను, 2015లో శామ్‌సంగ్ సంస్థ టైజెన్‌ను తమ సెట్లలో ప్రవేశపెట్టినవి. గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ టీవీని 2014లో ప్రకటించినది. బుద్ధి మరల తెరలోనికి చేరినది.

చేరిన బుద్ధి ఎంతకాలము నిలిచినది? యూట్యూబ్ తన పాత పద్ధతిని 2015 ఏప్రిల్‌లో మాన్పగా, 2012నాటికి వచ్చిన అనేక సెట్లలో ఆ యాప్ మూగవోయినది. 2019 డిసెంబరులో 2010, 2011 సంవత్సరముల నాటి కొన్ని శామ్‌సంగ్ స్మార్ట్ సెట్లలో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయినది. ఆ సెట్ల తెరలకు ఏ లోపమును లేదు. చిత్రములను దొంగలపాలు కాకుండ కాపాడు తాళములు మారినవి. పాత సెట్టులోని తాళపుచెవి మారలేదు. నిజము చెప్పవలెనన్న, అదే నెలలో రోకు వారి తొలినాటి పెట్టెలును నెట్‌ఫ్లిక్స్‌ను కోల్పోయినవి. 2025 మార్చిలో రెండవ తరపు క్రోమ్‌కాస్ట్ పరికరములు కొన్నిదినములు పనిచేయక మొరాయించినవి. వాటిలోని పదేండ్ల ధ్రువపత్రమునకు గడువు తీరుటయే కారణము. గూగుల్ పిదప దానిని సరిచేసినది. కావున పెట్టె చిరంజీవి అనుట అసత్యము. భేదమెక్కడనగా, పెట్టె చచ్చినచో కొన్ని వేలతో తీరును. తెరలోని బుద్ధి చచ్చినచో దానికై తెరనే మార్చువారు కలరు, అది దుబారా.

తెలుగువారికి ఈ విషయమున మరొక చిక్కు కలదు. దానిని అంగడివాడు చెప్పడు. కేవలము తెలుగు చిత్రములకై ఏర్పడిన ఆహా 2020 మార్చి 25న, ఉగాదినాడు ప్రారంభమైనది. దేశమంతట లాక్‌డౌన్ మొదలైన దినమును అదియే. నాటినుండి సూరతులోని తెలుగు ఇంటికి కేబుల్ ఆపరేటరు దయాదాక్షిణ్యములు తగ్గినవి. తెలుగు అంతర్జాలముననే నేరుగా రాసాగినది. అయితే ప్రపంచమున నున్న ప్రతి సాఫ్ట్‌వేరునకును ఒక యాప్‌ను వ్రాయించుట ఒక భాషనే నమ్ముకొన్న సంస్థకు ఖర్చుతో కూడిన పని. హెచ్చుమంది వాడు వ్యవస్థకు ముందు వ్రాయుదురు. అరుదైన వ్యవస్థకు తరువాత వ్రాయుదురు, లేదా వ్రాయనే వ్రాయరు. హిందీకిని ఆంగ్లమునకును ఏ సెట్టులోనైనను చోటు దొరకును. తెలుగునకు దొరకునో లేదో అంగడిలోనే తెరిచి చూడవలెను. ఆల్థాన్‌లోని ఇంట అవ్వకు కావలసిన తెలుగు వార్తలు ఆ సెట్టులో రానిచో, ఆ తెర ఎన్ని అంగుళములైన నేమి?

ప్రక్కన పెట్టెను పెట్టు మార్గమును ఒక తెలుగు ప్రభుత్వమే పెద్దయెత్తున అవలంబించిన సంగతి ఇచట స్మరింపదగినది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించిరి. నెలకు 149 రూపాయల ఆరంభ ధరకు అంతర్జాలమును, టెలిఫోనును, టెలివిజన్ చానళ్ళను ఒకే తీగెపై ఇచ్చుట దాని సంకల్పము. ప్రజలు క్రొత్త టెలివిజన్లు కొనవలెనని ఎవరును అడుగలేదు. ఇంటిలోనున్న సెట్టునకే ఒక పెట్టె తగిలించిరి. సైట్‌నాటి యుక్తియే నలుబది రెండేండ్లకు మరల అక్కరకు వచ్చినది. సూరతు వంటి నగరములలో 2019నుండి జియో ఫైబర్ మొదలగు సంస్థలు కనెక్షన్‌తోపాటు పెట్టెను కూడ ఇచ్చుచుండగా, కొందరి ఇండ్లలో తెలియకుండనే రెండును చేరినవి. అట్టివారు మరొక పెట్టెను కొనుటకు ముందు, ఉన్నదానిని విప్పి చూచుట మేలు.

ఆల్థాన్ గృహస్థుకు స్పష్టముగా చెప్పదగిన దేమనగా: సెట్టు క్రొత్తదై, కావలసిన తెలుగు యాప్‌లన్నియు దానియందు చక్కగా నడచుచున్నచో పెట్టెకై తొందరపడనక్కరలేదు. ఇంట పెద్దవారున్నచో ఒకే రిమోటు గొప్ప సుఖము. మూడు రిమోట్ల నడుమ చిక్కుకొని టీవీ మానివేసిన వృద్ధులు లేకపోలేదు. మూడు నాలుగేండ్లకు సెట్టు నెమ్మదించి, మీట నొక్కిన చాలసేపటికిగాని కదలనప్పుడు, తెర బాగున్నంతవరకు పెట్టెను తెచ్చుట బుద్ధిమంతుల పని. చౌక సెట్లలో ఒక్క గిగాబైటు మెమొరీయే యుండుటచేత ఆ దినము కొంత త్వరగా వచ్చును. అందువలన సెట్టును కొనునప్పుడు సాఫ్ట్‌వేరుకంటె తెర నాణ్యమును, ధ్వనిని, వెనుకనున్న హెచ్.డి.ఎం.ఐ. రంధ్రముల సంఖ్యను హెచ్చుగా పరీక్షింపవలెను. గోడకు తగిలించిన పిదప ఆ రంధ్రములు చేతికి అందునో లేదో కూడ చూడవలెను. ఆ రంధ్రమునకు సి.ఇ.సి. అను సౌకర్యమున్నచో సెట్టును పెట్టెను ఒక రిమోటుతోనే నడుపవచ్చును.

పెట్టెలన్నియు నమ్మదగినవి కావు. అన్ని చిత్రములును ఊరకనే వచ్చునని చెప్పి అమ్ము ఊరు పేరు లేని ఆండ్రాయిడ్ పెట్టెలలో దొంగ సాఫ్ట్‌వేరు ముందుగనే చొప్పించియుండుట 2023లో బయటపడినది. అట్టి పరికరములను గూర్చి అమెరికా నేరపరిశోధన సంస్థ ఎఫ్.బి.ఐ. 2025 జూన్‌లో ప్రజలను హెచ్చరించినది. సెట్టులోని సాఫ్ట్‌వేరు మాత్రము పరమ సాధువా? ఒక కోటి పది లక్షల సెట్లలో చూపరులు ఏమి చూచుచున్నారో వారి అనుమతి లేక కనిపెట్టినందులకు విజియో అను సంస్థ 2017లో అమెరికా ప్రభుత్వమునకును న్యూజెర్సీ రాష్ట్రమునకును కలిపి 22 లక్షల డాలర్లు చెల్లించినది.

తెరలోని సాఫ్ట్‌వేరును ఎన్నుకొను స్వాతంత్ర్యము తయారీదారులకును పూర్తిగా లేకుండెను. ఆండ్రాయిడ్ టీవీ విషయమై గూగుల్ విధించిన నిబంధనలపై భారత పోటీ కమిషన్ 2021లో విచారణకు ఆజ్ఞాపించినది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ 20.24 కోట్ల రూపాయలు చెల్లించి పరిష్కారమునకు ఒప్పుకొనినది. యాప్‌ల అంగడియగు ప్లే స్టోరును తక్కిన నిబంధనలతో ముడిపెట్టక విడిగా ఇచ్చుట ఆ ఒడంబడికలోని ముఖ్యాంశము.

పెట్టెను మరల సెట్టులోనికి చేర్చు ప్రయత్నము ప్రభుత్వ పక్షముననే ఒకటి సాగుచున్నది. ఉపగ్రహ సంకేతమును పట్టు ట్యూనరు లోపలనే గల టెలివిజన్లకు భారత ప్రమాణముల సంస్థ ఒక ప్రమాణమును నిర్ణయించి 2023 జనవరిలో ప్రకటించినది. అట్టి సెట్టునకు మిద్దెపై గొడుగు ఒక్కటి యున్న చాలును. సెట్‌టాప్ బాక్సు లేకయే ఉచిత చానళ్ళు ఇంటికి వచ్చును. అంతర్జాలపు యాప్‌లకు మాత్రము ఆ ట్యూనరు పనికిరాదు. వాటికై వెనుక ఒక హెచ్.డి.ఎం.ఐ. రంధ్రము ఖాళీగా ఉండవలసినదే.