ఎండ అందరిది, నీడ కొందరిది



ఏప్రిల్ వచ్చిందంటే చాలు, కణేకల్‌లో కూడా అవే జాగ్రత్తలు మైకుల్లో, వాట్సాప్‌లో తిరుగుతాయి. పదకొండు దాటినాక బయటికి పోవద్దు. నీళ్లు బాగా తాగండి. నీడపట్టున ఉండండి. డాక్టర్లు చెప్పేది నిజమే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే ఈ మూడు మాటలూ ఎవరికి చెబుతున్నారో చూడండి. తన పొద్దు తన చేతిలో ఉన్న మనిషికి. తాగే కుండ తనదే అయిన మనిషికి. తల దాచుకోవడానికి ఒక చెట్టో చూరో ఉన్న మనిషికి. చేలో కూలికి పోయే మాదిగ, మాల ఆడమనిషి చేతిలో ఈ మూడింట్లో ఏది ఉంది? ఈ వారం ఆ మూడింటి చరిత్రే చెప్పుకుందాం: వేళ, నీళ్లు, నీడ.

మన పక్క ఉపాధి హామీ పనిని జనం ఇప్పటికీ 'కరువు పని' అనే అంటారు. ఆ మాట వెనక దాదాపు 150 ఏళ్ల అనుభవం ఉంది. 1876-78 నాటి కరువులో కణేకల్ బళ్లారి జిల్లా రాయదుర్గం తాలూకాలో ఉండేది. అనంతపురం జిల్లా పుట్టింది 1882లో. రాయదుర్గం తాలూకా మనవైపు వచ్చింది 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువుకు ఎక్కువగా చితికిపోయిన జిల్లాల్లో బళ్లారి ఒకటి. 1871, 1881 జనాభా లెక్కల నడుమ అక్కడి జనం దాదాపు అయిదో వంతు తగ్గిపోయారు.

సర్కారు కరువు పనులు పెట్టింది. రాళ్లు కొట్టడం, రోడ్లు వేయడం, మట్టి మోయడం. 1877 మొదట్లో ఖర్చు తగ్గించేందుకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ మగమనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, పైన కొద్ది చిల్లరకు దించాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ తిండితో పనిచేసే మనిషి నిలబడడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. కడుపులో సగం తిండి, నెత్తిన పూర్తి పని, పైన ఎండ. వడదెబ్బకు ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఎండ దేవుడిచ్చిందే కావచ్చు, ఆ ఎండలో ఎంతసేపు నిలబడాలో మాత్రం కూలి కట్టేవాడే నిర్ణయించాడు.

ఈ లెక్కను చట్టంతో మార్చవచ్చని చూపినవాడు బాబాసాహెబ్. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ ఆయన చేతిలో ఉంది. ఆ కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీ కార్మికుడికి వారానికి 48 గంటల పని అనే హద్దు చట్టంలోకి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం తీసి చదవండి. 13వ సెక్షన్ పని గదిలో గాలి, వేడి గురించి చెప్పింది. 18వ సెక్షన్ తాగునీళ్ల గురించి. 250 మందికి మించి పనిచేసే చోట వేసవిలో నీళ్లు చల్లబరిచి ఇవ్వాలని అందులో రాశారు. 1948లోనే! అంటే ఎండ నుంచి కార్మికుణ్ణి కాపాడటం యజమాని బాధ్యత అని ఈ దేశం ఏనాడో ఒప్పుకుంది. కానీ చేను ఫ్యాక్టరీ కాదు. అదే ఏడాది వచ్చిన కనీస వేతనాల చట్టంలో వ్యవసాయ కూలీకి చోటు దొరికింది, అయితే అది కూలి డబ్బుల వరకే. కుండెడు నీళ్లకు, జానెడు నీడకు అందులో చోటు దక్కలేదు. హగరి ఇసుక మేటలు వేసిన కణేకల్, బొమ్మనహాళ్ పొలాల్లో చెట్టు నీడ కూడా తక్కువే. భూమి లేనివాడు నాటుకున్న చెట్టు ఎక్కడుంటుంది?

ఇక నీళ్లు. చేలో కుండ ఉన్నా, మన పెద్దవాళ్లకు అది ముట్టుకునే కుండ కాదు. ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. అడిగిన ప్రతిసారీ చిన్నబోవాలి కాబట్టి దాహమైనా అడగరు. ఆడవాళ్లకు మరుగు దొరకదు కాబట్టి నీళ్లు దొరికినా తాగరు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగింది ఈ చిన్నతనాన్ని చెరిపేయడానికే. 1985లో కారంచేడు నెత్తుటికి మొదలు కూడా మాదిగలు తాగే నీళ్లను మైలపరచడం దగ్గరే కదా. దాహానికి కులం అంటగట్టిన చోట వడదెబ్బకూ కులం ఉంటుంది.

2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. పని చోట తాగునీళ్లు, పిల్లలకూ విశ్రాంతి వేళకూ నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఆ చట్టం రాసింది. చిన్నపిల్లలు అయిదుగురుంటే వాళ్లను చూసుకునే ఒక ఆడమనిషికి కూలి ఇవ్వాలంది. టెంపుల్ కాలంతో పోలిస్తే ఇది ఎంత దూరమో చూడండి. వేసవిలో గట్టిపడిన నేల తవ్వలేరని, మన రాష్ట్రంలో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలను బట్టి 20 నుంచి 30 శాతం వేసవి భత్యం కూడా కలిపేవారు. కొలతకు కూలి కట్టే పనిలో ఆ భత్యమంటే అంత సేపు తక్కువ ఎండ. 2022లో కేంద్రం సాఫ్ట్‌వేర్‌లోకి మారినాక అది ఆగిపోయింది. 2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. తెల్లారే పనికొచ్చి పొద్దెక్కకముందే కొలత పూర్తి చేసినా రెండో ఫోటో కోసం ఎండలో కాచుకోవాల్సి వచ్చేది. చట్టం ఇచ్చిన వేళను యాప్ తిరిగి గుంజుకుంది.

సెలవుల సంగతి కూడా ఇదే దారి. వేసవిలో పిల్లలకు ఆటంటే ఈత. ఒకప్పుడు ఊరి బావుల్లో మన పిల్లల్ని దిగనిచ్చేవారు కాదు. రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులతో పాటు స్నానఘట్టాల పేరు కూడా రాసింది అందుకే. ఈత నేర్పే చోటు దొరకని పిల్లలు నీళ్లు కనబడితే క్వారీ గుంతల్లో, పంట కుంటల్లో దిగుతారు. ఏటవాలు గట్టు జారుతుంది, పైకి రావడానికి పట్టు దొరకదు. మునిగేవాణ్ణి పట్టుకోవడానికి నీళ్లలోకి దూకొద్దని, తాడో చీరో విసరాలని ప్రతి పిల్లకూ నేర్పండి.

2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అవి లెక్కకెక్కిన చావులు. పనికి పోయి వచ్చి రాత్రి ఇంట్లో ప్రాణం విడిచిన ముసలమ్మను 'వయసు మీద పడింది' అని పూడ్చేస్తే ఆమె ఏ లెక్కలోనూ ఉండదు.

అందుకే విద్యార్థులకు మూడు పనులు చెబుతాను. ఒకటి, పని చోట మనిషి తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా ఆగకుండా నీడకు చేర్చండి, తడిగుడ్డలు కప్పి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. రెండు, అనుమానమున్న చావును మట్టి చేయకముందే తహసీల్దారుకు, పోలీసులకు, ప్రభుత్వ డాక్టరుకు రాతపూర్వకంగా తెలపండి. మూడు, ఈ వారం మీ ఊరి పని చోటికి పోయి టెంటుందా, కుండుందా, పెట్టె ఉందా చూసి తేదీ వేసి రాయండి. ఆ కాగితం మండలాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

జాగ్రత్తలు చెప్పేవాళ్లను చెప్పనివ్వండి. మనం మాత్రం వేళ, నీళ్లు, నీడ అడుగుదాం. అవి ఎవరూ దయతో ఇచ్చినవి కావు, వచ్చిన ప్రతిసారీ అడిగితేనే వచ్చాయి.

జై భీమ్.